లైన్‌మన్‌ కొడుకు చీకటి వెతుక్కున్న కథ

మా నాన్న ముప్పై ఏళ్ళ పైచిలుకు కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. అందుకే నాకు ఈ రాత్రిపూట ఆకాశంలో చుక్కలు చూసే పిచ్చి పట్టిన దగ్గర్నుంచి ఆయనది ఒకటే మాట, "నేను స్తంభాలెక్కి ఊరూరికీ లైట్లేసి వస్తే నువ్వు లైట్లు లేని ఊరెక్కడుందా అని పెట్రోలు తగలేస్తున్నావు కదరా." ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. కానీ మొన్న 2025 శివరాత్రికి ఆయన్ని కూడా తీసుకెళ్ళాను, ఆ సంగతి రాద్దామనే ఇది మొదలుపెట్టా.

ముందు నా బోల్తాల గురించి చెప్పాలి, ఎందుకంటే కొత్తగా మొదలెట్టే వాళ్ళు దాదాపు అందరూ ఇక్కడే పడతారు. హైదరాబాద్‌లో మా బాల్కనీ నుంచి ఎంత కళ్ళు చించుకున్నా కనపడేవి గురుడు, గొల్లకావడి మూడు చుక్కలు, ఇంకో పదో పన్నెండో. టెన్ బై ఫిఫ్టీ బైనాక్యులర్స్ ఒకటి కొన్నా, దాంతో చూస్తే ఎదురు అపార్ట్‌మెంట్ వాళ్ళు కర్టెన్లు వేసేసుకుంటున్నారు. ఇలా కాదని 2024 నవంబర్లో ఫ్రెండ్స్‌తో అనంతగిరి వెళ్ళా, వికారాబాద్ దగ్గర, అడవి, కొండలు, ఇంకేం కావాలి అనుకున్నా. వెళ్ళింది ఏ రోజో తెలుసా, కార్తీక పౌర్ణమి! సెలవు దొరికింది కదా అని బయల్దేరిపోయా, చందమామ సంగతి బుర్రకే తట్టలేదు. నేల మీద నా నీడ నాకే కనపడేంత వెన్నెల. ఆకాశం పాలు ఒలికినట్టుంది, చుక్కలు మాత్రం సిటీలో కంటే ఓ ఇరవై ఎక్కువుంటాయేమో. దానికి తోడు తూర్పు వైపు ఆకాశం అంచున నారింజ రంగులో ఒక గోపురంలాగా వెలుగు, అది హైదరాబాద్. ఎనభై కిలోమీటర్ల దూరం వచ్చినా వదల్లేదు.

ఇంటికొచ్చాక లైట్ పొల్యూషన్ మ్యాప్ చూడ్డం నేర్చుకున్నా. శాటిలైట్ డేటాతో తయారు చేస్తారు, నగరాలు ఎర్రగా తెల్లగా మండుతుంటాయి, వాటి చుట్టూ పసుపు, ఆకుపచ్చ, తర్వాత నీలం, ఇంకా చీకటైతే నలుపు. మన రెండు రాష్ట్రాల మీద పెట్టి చూస్తే నల్లమల పెద్ద నల్ల మచ్చలా కనపడుతుంది, పేరుకి తగ్గట్టే. అలాగే బోర్టిల్ స్కేల్ అని ఒకటుంది, జాన్ బోర్టిల్ అనే ఆయన 2001లో పెట్టాడు, 1 అంటే కటిక చీకటి, 9 అంటే మా బాల్కనీ.

రెండోసారి అమావాస్య చూసుకునే వెళ్ళా. నవంబర్ 30, శనివారం, గండికోట, టెంట్ ముందే బుక్ చేశా. సరిగ్గా ఆ రోజే ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఇంకేం చెప్పను, రాత్రంతా టెంట్ మీద వాన చప్పుడు వింటూ పడుకున్నా, పొద్దున్నే పెన్నా లోయ చూసి కాఫీ తాగి వచ్చేశా. లోయ బాగుంది లెండి.

"హాన్లే వెళ్ళొచ్చు కదా" అని ఆఫీసులో ఒకళ్ళు ఉచిత సలహా. లద్దాఖ్‌లో హాన్లే నిజంగా గొప్ప చోటే, 2022లో డార్క్ స్కై రిజర్వ్, అంటే రాత్రి చీకటిని కాపాడే ప్రాంతం, అని ప్రకటించారు, నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున రెండు మీటర్ల అద్దమున్న హిమాలయన్ చంద్రా టెలిస్కోప్ ఉంది. కానీ అంత ఎత్తులో గాలాడక తలనొప్పి, పర్మిట్లు, సెలవులు, ఖర్చు, ఇవన్నీ ఉన్నాయి. పైగా జనం పట్టించుకోని సంగతి ఒకటి, దక్షిణాన ఉండే చుక్కలు మనకి కనపడ్డంత పైకి వాళ్ళకి రావు. ఒమేగా సెంటారీ అనే గోళాకార గుచ్ఛం, అంటే బంతిలా ముద్దకట్టిన చుక్కల గుంపు, మనకి దిగంతం నుంచి పాతిక డిగ్రీల పైకి లేస్తుంది, హాన్లేలో పది డిగ్రీలు లేస్తే గొప్ప. అంటే మన దగ్గర ఉన్నది వాళ్ళకి లేదు, అది తెల్సిన రోజు నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

సరే, ఎర్రగొండపాలెం వైపు మా మేనత్త వాళ్ళ ఊరు. నల్లమల అంచున. ఇన్నేళ్ళూ పెళ్ళిళ్ళకీ పబ్బాలకీ వెళ్ళి అన్నం తిని వచ్చేసిన ఊరు, మ్యాప్‌లో దాదాపు నల్లగా ఉంది. ఇంత దగ్గర పెట్టుకుని నేను ఎక్కడెక్కడో తిరిగా. అడవి లోపలికి వెళ్ళే పనే లేదు, శ్రీశైలం ఘాట్ రోడ్డు రాత్రి తొమ్మిదికి గేట్లు వేసేస్తారు, పొద్దున ఆరింటికి గానీ తీయరు, పులుల అడవిలో మధ్యలో కారాపుకుని ఆకాశం చూస్తానంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. పొలం చాలు.

ఇప్పుడు అసలు గండం, అమ్మ. "అమావాస్య పూట ప్రయాణమేంట్రా, అదీ రాత్రి పొలంలో పడుకోడానికి?" మన వాళ్ళ సెంటిమెంటుకీ చుక్కలు చూసే వాళ్ళ క్యాలెండర్‌కీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. జనవరి అమావాస్య ఇలాగే పోయింది. అప్పుడు తట్టింది, శివరాత్రి అంటే మాఘ బహుళ చతుర్దశి, అంటే అమావాస్యకి ముందు రోజు, చంద్రుడు సన్నటి గీతలా తెల్లారే ముందు గానీ రాడు. ప్రయాణానికి అమావాస్య అడ్డం లేదు, ఎలాగూ జాగారం చేయాలి, అత్త వాళ్ళ ఊరి శివాలయం కూడా ఉంది. అమ్మ రెండు నిమిషాలు ఆలోచించి "సరే, నాన్నని కూడా తీసుకెళ్ళు, ఒక్కడివే వద్దు" అంది. నాన్న గొణుక్కుంటూనే మంకీ క్యాప్ సర్దుకున్నారు.

ఫిబ్రవరి 26 బుధవారం పొద్దున్నే బయల్దేరాం. ఇబ్రహీంపట్నం, సాగర్, మాచర్ల మీదుగా. ఇబ్రహీంపట్నం దాటాక లోపలికెళ్తే జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళ అబ్జర్వేటరీ ఉంది, 48 అంగుళాల అద్దమున్న టెలిస్కోపు, సిటీకి దూరంగా చీకట్లో ఉండాలనే 60ల్లో అక్కడ కట్టారు. ఇప్పుడు సిటీ దాని దగ్గరికి వచ్చేసింది. ఈ సంగతి చెప్తే నాన్న, "1980లో సంపూర్ణ గ్రహణం అక్కడే కదా చూసింది సైంటిస్టులు, ఫిబ్రవరిలోనే, మా ఊళ్ళో అయితే తలుపులేసుకుని కూర్చున్నాం, కోళ్ళు గూట్లోకి పోయినయ్యంట, నేను చూళ్ళేదు" అన్నారు. అప్పుడాయనకి ఇరవై మూడేళ్ళు. చూళ్ళేదు అన్న మాట కొంచెం ఆలస్యంగా అన్నారు.

అత్త వాళ్ళింట్లో మామయ్య పలకరింపే, "ఏం బావా, దోమలు కుట్టించుకోడానికి ఇంత దూరం వచ్చారా?" సాయంత్రం గుడికెళ్ళి దణ్ణం పెట్టుకుని, మైకు సెట్టూ సీరియల్ లైట్లూ దాటుకుని, రెండు నవారు మంచాలు ట్రాక్టర్లో వేసుకుని ఊరికి మూడు కిలోమీటర్ల అవతల మామయ్య కంది కోసేసిన చేలోకి వెళ్ళాం. ఈ మంచం సంగతి మాత్రం రాసి పెట్టుకోండి, టెలిస్కోపు లేకపోయినా పర్లేదు గానీ మంచం ఉండాలి. నిలబడి తలెత్తి చూస్తే పది నిమిషాలకి మెడ పట్టేస్తుంది. మంచం, రగ్గు, ఫ్లాస్కులో టీ, పురుగూ పుట్రా ఉంటుంది కాబట్టి బూట్లు, ఎర్ర కాగితం చుట్టిన టార్చి. ఎరుపు ఎందుకంటే కన్ను చీకటికి అలవాటు పడ్డానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్కసారి ఫోన్ తెల్ల స్క్రీన్ చూశామా, మళ్ళీ మొదటికొస్తుంది, ఎర్ర వెలుగైతే అంత చెడగొట్టదు.

ఆరుంబావుకి పొద్దు గూకింది. పడమట శుక్రుడు, అబ్బ, ఆ రోజుల్లో ఎంత వెలుగుతో ఉన్నాడో చూసిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. నడినెత్తిన గురుడు, కాస్త తూర్పుగా ఎర్రగా కుజుడు. ఏడు గ్రహాల కవాతు అని వాట్సాప్‌లో తెగ తిరిగింది కదా, కంటికి హాయిగా కనపడింది ఈ మూడే. నాన్న ఉన్నట్టుండి, "మీ అమ్మ క్యాలెండర్లో గురుడు వృషభంలో అని ఉంది, అది రోహిణి కదా పక్కన, కరెక్టే" అన్నారు. నేను యాప్ తీసి చూస్తే కరెక్టే. కుజుడు పునర్వసు పక్కన, అంటే మిథునం, అదీ కరెక్టే. మీకు రోహిణి ఎలా తెలుసు అంటే, "రాత్రి కరెంటు ఇచ్చే రోజుల్లో పన్నెండింటికి ఫ్యూజు పోయిందని రైతులు లేపేవాళ్ళు, సైకిలేసుకుని పోతా పోతా ఏం చూస్తాం మరి" అన్నారు. ముప్పై ఐదేళ్ళు ఆయన కొడుకుగా ఉండి నాకు తెలీదు ఈ ముక్క.

ఏడున్నరకల్లా పూర్తి చీకటి పడింది. పడాలి. కానీ తూర్పున రెండు వందల గజాల్లో మిరప కల్లం, అక్కడ కర్రకి కట్టిన ఎల్ఈడీ ఫోకస్ లైటు సూటిగా మా మొహాల మీదకి. చెయ్యి అడ్డం పెట్టుకుంటే తప్ప తూర్పు వైపు చూళ్ళేం. ఇన్ని వందల కిలోమీటర్లు వచ్చి ఒక్క బల్బు చేతిలో ఓడిపోయానా అని నాకు ఏడుపొచ్చింది నిజంగా. సరే అని ప్రస్తుతానికి దానికి వీపు పెట్టి పడమర చూస్తూ కూర్చున్నాం.

అక్కడే ఒక వింత. శుక్రుడి చుట్టూ, దిగంతం నుంచి దాదాపు నిలువుగా, కింద వెడల్పు పైకి సన్నం, కోన్ ఐస్‌క్రీమ్ తిరగేసినట్టు ఒక పల్చటి వెలుగు. నాన్న "శ్రీశైలంరా, శివరాత్రి లైట్లు" అన్నారు. సరిగ్గా పడమర శ్రీశైలమే, నలభై యాభై కిలోమీటర్లు ఉంటుంది, ఆ రాత్రి అక్కడ లక్షల జనం. నేనూ అదే అనుకున్నా. కానీ ఊళ్ళ వెలుగు అడ్డంగా బోర్లించిన చిప్పలా ఉంటుంది, అనంతగిరి నుంచి హైదరాబాద్‌ని చూశా కదా. ఇది గురుడి వైపుకి ఎక్కిపోతోంది. తొమ్మిదింటికి చూస్తే శుక్రుడితో పాటు అది కూడా దిగిపోయి మాయమైంది, ఆకాశం అంచున ఒక చిన్న మసక చిప్ప మాత్రం మిగిలింది. ఆ మిగిలింది శ్రీశైలం. దిగిపోయింది రాశిచక్ర కాంతి, గ్రహాలు తిరిగే తలంలో సన్నటి ధూళి ఉంటుంది, దాని మీద పడ్డ ఎండ అది. పుస్తకాల్లో చదివా గానీ కళ్ళతో చూస్తానని అనుకోలేదు. నాన్నకి చెప్తే, "దేవస్థానం వాళ్ళు లైట్లు తీసేశారేమో అనుకున్నా" అన్నారు.

ఈ లోపు ఆయన లేచి కల్లం వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయారు. వెనకే మామయ్య, వెనకే నేను. అక్కడ ఒక పెద్దాయన, ఆయన కొడుకు, పట్టాల మీద ఎర్రగా పరిచిన కాయలు, ఆ ఘాటుకి నాకు తుమ్ములు. ఈ ఏడు రేటు పడిపోయి గుంటూరు యార్డుకి వేయాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అని దిగులుగా ఉన్నాడాయన. కాసేపు లైటు ఆపుతారా అని నేను అడగబోతే నాన్న నా మోచెయ్యి పట్టుకుని ఆపి, ముందు రేటు గురించి, పోయినేడు తెగులు గురించి, ట్రాన్స్‌ఫార్మర్ గురించి పావుగంట మాట్లాడారు. ఆ తర్వాత, "అన్నా, ఈ లైటు కాయల మీద కంటే పక్క చేలోకి ఎక్కువ పోతంది, నీ కరెంటు దండగ" అన్నారు. ఆయన "అడవి పందులు, దొంగలు కదయ్యా, తీసేస్తే ఎట్టా" అన్నాడు. తీసేయొద్దులే అని నాన్న అక్కడే పడున్న ఖాళీ నూనె డబ్బా ఒకటి అడిగి తీసుకున్నారు. కత్తెర లాంటిది లేదు, కొడవలితోనే దాన్ని నిలువుగా చీల్చి, అంచులు లోపలికి మడిచి, లైటు ఆపించి, నిచ్చెన లేదు కాబట్టి ట్రాక్టర్ ట్రక్కు మీదకెక్కి, మామయ్య కింద నుంచి "బావా, పడతావు, అరవై ఎనిమిదేళ్ళు నీకు" అని అరుస్తుంటే, బైండింగ్ వైరుతో ఆ రేకుని లైటు మీద టోపీలా కట్టి, మొహాన్ని కిందికి వంచారు. మళ్ళీ స్విచ్ వేస్తే వెలుగంతా పట్టా మీదే గుండ్రంగా పడింది. చుట్టూ చీకటి. పెద్దాయన రెండడుగులు వెనక్కేసి చూసుకుని, "ఇదేందయ్యా, ఇప్పుడే కాయలు బాగా కనపడతన్నయ్" అన్నాడు.

నేను కొన్న పుస్తకాల్లో లైట్ షీల్డింగ్ అని పేజీలకి పేజీలు ఉంది. నూనె డబ్బా అని ఎక్కడా రాయలేదు.

మళ్ళీ ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకుని పడుకుని తెరిచా. ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెప్తా, నిజమైన చీకట్లో ఆకాశం గుర్తుపట్టలేం. సిటీలో పెద్ద చుక్కలే కనపడతాయి కాబట్టి బొమ్మలు తేలిగ్గా తెలుస్తాయి, ఇక్కడ ఆ సందుల్లో వందల చుక్కలు నిండిపోయి, నేను నేర్చుకున్న గీతలన్నీ జనంలో కలిసిపోయాయి. సింహరాశి కోసం పది నిమిషాలు వెతికా. నాన్న మాత్రం వరసగా, అదిగో గొల్లకావడి, అదిగో పిల్లలకోడి, ఈశాన్యంలో లేస్తోంది మంచంకోళ్ళు అనేశారు. మంచంకోళ్ళు అంటే సప్తర్షులు, నాలుగు కోళ్ళూ, వెనకాల మంచం ఎత్తుకుపోతున్న ముగ్గురు దొంగలు. పిల్లలకోడి అంటే కృత్తికలు. రెండేళ్ళ కిందట కళ్ళకి శుక్లాల ఆపరేషన్ అయింది ఆయనకి, "కొత్త లెన్సులు" అని గొప్పగా లెక్కపెడితే ఏడొచ్చాయి, నాకు ఆరే. బైనాక్యులర్స్‌లో పెడితే ఇద్దరం లెక్క వదిలేశాం.

కల్లం పెద్దాయన, కొడుకూ కూడా వచ్చేశారు. మంచం పట్టె మీద మోచేతులు ఆనించి చూస్తే గురుడి పక్కన సన్నటి చుక్కలు ఒకే గీత మీద కనపడతాయి, 1610లో గెలీలియో చూసినవే, గురుడి చందమామలు. కుర్రాడు చూసి, "నిజంగా ఉన్నాయన్నా" అన్నాడు, ఏదో నేను మోసం చేస్తానని అనుకున్నట్టు. వీడియో తీద్దామని ఫోన్ తీశాడు, నలుగురి కళ్ళూ పోయాయి, మళ్ళీ ఇరవై నిమిషాలు.

పన్నెండు తర్వాత మంచు పడ్డం మొదలైంది, రగ్గు పైన తడి, బైనాక్యులర్స్ అద్దాలు మసక. మామయ్య జాగారం అని ప్రగల్భాలు పలికి ఒంటిగంటకే గురక. నేను మూడుంబావుకి అలారం పెట్టుకుని కాస్త కునుకు తీశా. శివుడు క్షమిస్తాడు.

లేచేసరికి ఆకాశం మొత్తం మారిపోయి ఉంది. దక్షిణాన కిందుగా సదరన్ క్రాస్ అనే నాలుగు చుక్కల శిలువ, చిన్నదే, గాలిపటంలా కొద్దిగా పక్కకి వాలి. దానికి ఎడంగా, ఇంకొంచెం పైన, కంటికి మసక చుక్కలా కనపడేది ఒమేగా సెంటారీ. బైనాక్యులర్స్‌లో పెడితే చుక్క కాదు, దూది ఉండ. కొన్ని మిలియన్ల నక్షత్రాలు ఒకే చోట ముద్దగా ఉన్న గుచ్ఛం అది, దూరం పదిహేడు వేల కాంతి సంవత్సరాల మాట. సూటిగా కాకుండా కొంచెం పక్కకి చూపు పెడితే ఇంకా బాగా తేలుతుంది, మసక వెలుగుని పట్టే కణాలు కంటి మధ్యలో ఉండవు కాబట్టి.

నాన్న నిద్రలో లేచి ఆగ్నేయం వైపు చూసి, "మబ్బు పట్టిందిరా, ఇంక పడుకో" అన్నారు.

నాకూ గుండె జారిపోయింది, గండికోట గుర్తొచ్చింది. నిజంగానే ఆ వైపు దిగంతం నుంచి పైకి పొగలాంటిది ఎక్కుతోంది, తెల్లగా, గడ్డలు గడ్డలుగా, మధ్యలో నల్లగా చీలికలు. లేచి కూర్చుని చూస్తున్నా, వాన పడితే ట్రాక్టర్ కిందకి దూరాలేమో అని కూడా అనుకున్నా. ఐదు నిమిషాలైనా మబ్బు కదల్లేదు. చుక్కలు కూడా దాని వెనక మాయం కావట్లేదు, దాని మీదే ఉన్నాయి. అప్పుడు జ్యేష్ఠ కనపడింది, ఎర్రగా, వృశ్చికం గుండెకాయ, ఆ కింద కొండి. అప్పుడు వెలిగింది నాకు. నాన్నా, అది మబ్బు కాదు, పాలపుంత.

ఆయన వెంటనే ఏం మాట్లాడలేదు. మంకీ క్యాప్ తీసేసి, మళ్ళీ పెట్టుకుని, "వినాయక చవితికి పాలవెల్లి కడతాం చూడు" అన్నారు, అంతే. ఫోటోల్లో ఊదా, గులాబీ రంగులు చూసి వచ్చే వాళ్ళకి ముందే చెప్తున్నా, కంటికి రంగులు కనపడవు, అంత తక్కువ వెలుగులో కన్ను రంగు పట్టలేదు, బూడిద తెలుపే. అయినా ఫోటో దీనికి సాటి రాదు, ఎందుకో రాయడం నాకు చేతకాదు. తెలతెలవారే దాకా, అంటే ఐదుంబావు దాకా ఎవరం పడుకోలేదు, మామయ్య తప్ప.

పొద్దున అత్త పెట్టిన పెసరట్లు తిని, సాగర్ దాకా నేను, అక్కణ్ణుంచి మా తమ్ముడు డ్రైవ్ చేసి ఇంటికొచ్చాం (వాడు రాత్రంతా అత్త వాళ్ళింట్లో ఏసీలో పడుకున్నాడు, వాడి గురించి ఇంతకంటే రాయక్కర్లేదు).

ఉగాదికి కొత్త క్యాలెండర్ వచ్చింది. వంటింట్లో తగిలించిన వారానికి అమ్మ పిలిచి చూపించింది, ఏడాది మొత్తం అమావాస్యలకీ ముందు రోజులకీ నీలం పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. నువ్వేనా ఈ పని అని నన్ను కేకలేసింది. నాన్న పేపర్లోంచి తలెత్తలేదు.